ఉత్పత్తి షెడ్యూల్‌ను క్వాంటమ్ యంత్రంపై పరీక్షించే విధానం

పెయింట్ షాపులో రంగు మారిన ప్రతిసారీ స్ప్రే గన్‌ను, గొట్టాలను కడగాలి. చేతిలో ఉన్న ఆర్డర్లను ఏ వరుసలో నడిపితే ఈ కడుగుళ్ల సమయం తగ్గుతుందన్నది క్వాంటమ్ కంప్యూటింగ్‌తో తొలి ప్రయోగానికి తగిన సమస్య. నాణ్యతా తనిఖీ చిత్రాల వంటి భారీ సమాచారంతో మొదలుపెట్టకండి; అంత సమాచారాన్ని క్యూబిట్లలోకి (క్వాంటమ్ యంత్రంలో సమాచారాన్ని పట్టి ఉంచే మూల ప్రమాణాలు) ఎక్కించడమే ఇప్పటికీ పెద్ద అడ్డంకి.

ముందుగా ఏ రంగు నుంచి ఏ రంగుకు మారడానికి ఎన్ని నిమిషాలు పడుతోందో షిఫ్టు రికార్డుల నుంచి పట్టిక వేయండి. నలుపు తర్వాత తెలుపు వేయడానికి పట్టే సమయమూ, తెలుపు తర్వాత నలుపు వేయడానికి పట్టే సమయమూ సాధారణంగా ఒకటి కావు కనుక రెండు దిశలనూ విడిగా నమోదు చేయాలి.

తర్వాత సమస్యను క్యూబో రూపంలోకి, అంటే 0 లేదా 1 విలువ మాత్రమే తీసుకునే చలరాశులతో, విలువను వీలైనంత తగ్గించవలసిన వర్గ సమాసంగా మార్చాలి. ‘ఈ ఆర్డరు ఈ స్థానంలో ఉందా’ అన్నది ఒక చలరాశి; 20 ఆర్డర్లకు 20 స్థానాలు కాబట్టి మొత్తం 400. ఒక ఆర్డరు రెండు చోట్ల పడినా, ఒక స్థానం ఖాళీగా మిగిలినా పెనాల్టీ పడేలా ఆ సమాసానికి గణిత పదాలు చేర్చాలి. ఇక్కడే ఎక్కువ మంది తప్పటడుగు వేస్తారు: పెనాల్టీ తక్కువైతే చెల్లని వరుసలు వస్తాయి, మరీ ఎక్కువైతే నిమిషాల తేడా దాని కింద మరుగున పడుతుంది.

డి-వేవ్ సంస్థ 2020లో విడుదల చేసిన అడ్వాంటేజ్ యంత్రంలో 5000కు పైగా క్యూబిట్లు ఉన్నందున 400 చలరాశులు సులువుగా ఇముడుతాయనుకోవడం పొరపాటు. అందులో ఒక్కో క్యూబిట్ నేరుగా 15 క్యూబిట్లతోనే కలుస్తుంది. మన సమస్యలో మధ్య స్థానాల చలరాశి ఒక్కొక్కటి 76 ఇతర చలరాశులతో ముడిపడి ఉంటుంది. అందువల్ల ఒక్క చలరాశికి కనీసం ఆరు క్యూబిట్లను గొలుసుగా కట్టవలసి వస్తుంది, ఆచరణలో ఇంకా ఎక్కువ. ఆ గొలుసులు తెగితే, అంటే ఒకే గొలుసులోని క్యూబిట్లు వేర్వేరు విలువలు చూపితే, జవాబు చెడుతుంది కాబట్టి ఫలితాలతో పాటు తెగిన గొలుసుల శాతాన్నీ చూడాలి. తొలి పరీక్షను 6 ఆర్డర్లతో, అంటే 36 చలరాశులతో చేయడం మేలు.

అంతకంటే ముందు అదే సమస్యను మామూలు కంప్యూటర్‌పై పరిష్కరించి చూడండి. నిజానికి ఒకే లైన్‌పై 20 ఆర్డర్ల వరుసను డైనమిక్ ప్రోగ్రామింగ్ (చిన్న భాగాల జవాబులను దాచుకుని వాటితో పెద్ద సమస్యను తేల్చే పద్ధతి) కచ్చితంగా, త్వరగా తేల్చేస్తుంది. క్వాంటమ్ ఫలితాన్ని దానితో పోల్చకుండా గొప్పదనడం న్యాయం కాదు. పోలికలో 20 మైక్రోసెకన్ల అనీలింగ్ (క్వాంటమ్ యంత్రం ఒకసారి జవాబు కోసం వెతికే ప్రక్రియ) సమయాన్ని మాత్రమే లెక్కించకూడదు. గొలుసులు కట్టడానికీ, క్లౌడ్ వరుసలో వేచి ఉండడానికీ పట్టే సమయం దానికి ఎన్నో రెట్లు ఉంటుంది.

ఇలాంటి యంత్రాల్లోని సూపర్‌కండక్టింగ్ (నిరోధం లేకుండా విద్యుత్తు ప్రవహించే) క్యూబిట్లను పరమశూన్యానికి, అంటే సుమారు మైనస్ 273 డిగ్రీల సెల్సియస్‌కు, అతి దగ్గరగా చల్లబరచాలి కాబట్టి యంత్రాన్ని ప్లాంటులో పెట్టుకోరు, క్లౌడ్ ద్వారా వాడుకుంటారు. బయటికి పంపే సమాచారంలో కస్టమర్ల పేర్లకు బదులు సంకేత సంఖ్యలు ఉంచండి. తిరిగి వచ్చిన ప్రతి వరుసనూ మామూలు ప్రోగ్రాముతో తనిఖీ చేసి, చెల్లుబాటైనదాన్నే ఉత్పత్తి నిర్వహణ వ్యవస్థకు పంపాలి. నిర్ణీత వ్యవధిలో అలాంటిది రాకపోతే పాత పద్ధతి వరుసే ఆ షిఫ్టుకు అమలయ్యేలా ముందే ఏర్పాటు చేసుకోవాలి.