సంగీత కచేరీలో ప్రెస్, వాలంటీర్ ఫొటోగ్రాఫర్ల పనిని ఎలా నిర్వహించాలి?

సంగీత కచేరీకి కెమెరా పట్టుకుని వచ్చేవారంతా ఒకే పని మీద రారు. ప్రెస్ ఫొటోగ్రాఫర్లు తమ పత్రిక కోసం తీస్తారు కాబట్టి, ప్రచురణకు ముందు ఫొటోలు చూపించమని వారిని అడగడం సబబు కాదు. వాలంటీర్లు నిర్వాహకుల కోసం తీస్తారు కాబట్టి, తమకు ఏ ఫొటోలు కావాలో వారికి వివరంగా చెప్పవలసిన బాధ్యత నిర్వాహకులదే. ఇద్దరికీ ఒకే నిబంధనల పత్రం పంపితే చిక్కులు అక్కడే మొదలవుతాయి.

1. కళాకారుల షరతులను రాతపూర్వకంగా తీసుకోండి. పెద్ద కచేరీల్లో మొదటి మూడు పాటల వరకే, అదీ ఫ్లాష్ లేకుండా ఫొటోలు తీయనివ్వడం వాడుక. కొందరు కళాకారుల మేనేజర్లు వేదిక ముందు నుంచి వద్దని, ప్రేక్షకుల వెనుక ధ్వనిని నియంత్రించే సౌండ్ డెస్క్ దగ్గర నుంచే తీయాలని కోరతారు. అంత దూరానికి పొడవాటి లెన్స్ అవసరం కనుక, ఈ సంగతి ఫొటోగ్రాఫర్లకు ముందుగానే తెలియాలి.

2. పాసులు ఆచితూచి ఇవ్వండి. ప్రెస్ వారి నుంచి సంపాదకుడి లేఖ తీసుకుని, ఒక్కో సంస్థకు ఒక్కరినే అనుమతించడం మేలు. వాలంటీర్లను ఎంచుకునేటప్పుడు పగటి వెలుగులో తీసిన అందమైన ఫొటోలకు మురిసిపోకుండా, మసక వెలుతురులో, క్షణక్షణం రంగులు మారే వేదిక మీద తీసినవి చూడాలి.

3. వాలంటీర్లతో హక్కుల ఒప్పందం రాసుకోండి. చాలా దేశాల్లో ఫొటో కాపీరైట్ సాధారణంగా తీసినవారికే చెందుతుంది. ఉచితంగా పనిచేసినంత మాత్రాన అది నిర్వాహకులకు వచ్చేయదు. కాపీరైట్‌ను వారి దగ్గరే ఉంచి, పోస్టర్లకు, ప్రచారానికి వాడుకునే అనుమతి మాత్రం తీసుకుని, ప్రతి ఫొటో కింద వారి పేరు వేస్తామని రాసిస్తే సరిపోతుంది. ఒక్క పూట పాసు ఇచ్చి శాశ్వత హక్కులు రాయించుకోవడం చట్టానికి నిలిచినా న్యాయానికి నిలవదు.

4. ఫొటో పిట్‌ను ఒక్కరి చేతిలో పెట్టండి. వేదికకూ బారికేడ్‌కూ మధ్య ఉండే ఆ ఇరుకు జాగా ముందుగా భద్రతా సిబ్బందిది, ఆ తరువాతే ఫొటోగ్రాఫర్లది. తోపులాటలో స్పృహ తప్పినవారిని బయటికి లాగేది అక్కడి నుంచే. అందుకే లోపల ఎంతమంది పడతారో భద్రతాధికారితోనే తేల్చుకోవాలి. ఎక్కువమంది వస్తే పాటల వారీగా జట్లుగా పంపాలి. పెద్ద బ్యాగులు, స్టూళ్లు బయటే ఉంచాలి. కెమెరాను తలపైకి ఎత్తి వెనుకవారికి అడ్డు రాకూడదని లోపలికి వెళ్లేముందే చెప్పాలి, ఎందుకంటే ఆ హోరులో తరువాత చెప్పినా ఎవరికీ వినిపించదు. మైకు గాయకుడి నోటికి అడ్డుపడటంతో అందరూ ఒకే పక్కకు ఒరుగుతారు. ఒక్కో పాటకు స్థానాలు మారాలన్న నియమం ఉంటే ఈ గొడవ తగ్గుతుంది. మూడో పాట ముగుస్తుండగా బాధ్యుడు గేటు దగ్గర చేయి పైకెత్తి నిలబడాలి, అప్పుడు పత్రిక పెద్దదైనా చిన్నదైనా అందరూ ఒకేసారి బయటికి రావాలి.

కచేరీల్లో ధ్వని సగటున 100 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించింది. స్పీకర్ల ఎదుట నిలబడేవారికి ఆ స్థాయి దాటే ప్రమాదం ఎక్కువ కాబట్టి, పాసుతో పాటే ఇయర్‌ప్లగ్‌లు ఇవ్వండి.

5. వాలంటీర్లకు పనులు పంచండి. ఒకరికి ప్రేక్షకులు, ఒకరికి తెరవెనుక దృశ్యాలు, ఒకరికి స్పాన్సర్ల బ్యానర్లు అప్పగించండి. పిల్లలను దగ్గరగా తీస్తే తల్లిదండ్రుల అనుమతి తీసుకోమనండి. కార్యక్రమానికి ముందు అందరి కెమెరాల గడియారాలను ఒకే సమయానికి సరిచేయిస్తే, ఏ ఫొటో ఏ పాటప్పటిదో తరువాత తేలిగ్గా తెలుస్తుంది. కెమెరాలోని ఎలక్ట్రానిక్ షట్టర్ (కదిలే తెర లేకుండా సెన్సర్‌తోనే ఫొటో తీసే పద్ధతి) చప్పుడు చేయదు గానీ, ఎల్‌ఈడీ దీపాల కింద ఫొటోలో చారలు పడవచ్చు. సౌండ్ చెక్ సమయంలోనే దాన్ని పరీక్షించుకోవాలి.

6. ఫొటోలు చేరే దారి సిద్ధం చేయండి. ప్రెస్ వారికి ఒక బల్ల, ప్లగ్ పాయింట్లు, ఇంటర్నెట్, కళాకారుల పేర్లు తప్పుల్లేకుండా రాసిన జాబితా చాలు. వాలంటీర్ల నుంచి ఎంపిక చేసిన కొన్నింటిని ఆ రాత్రే, మిగతావి నిర్ణీత గడువులోగా తీసుకోండి. రెండు చోట్ల కాపీ అయ్యేదాకా కెమెరా మెమరీ కార్డులను చెరిపేయవద్దని చెప్పండి. ఫలానా ఫొటో వాడవద్దని కళాకారుడి మేనేజర్ కోరితే, వాలంటీర్ తీసినదైతే మీరే నిర్ణయించవచ్చు, ప్రెస్ వారిదైతే ఆ సంపాదకుడినే సంప్రదించమని చెప్పాలి.