రేడియోహెడ్ నుంచి ఎలక్ట్రానిక్ సంగీతంలోకి

యాప్‌లో ‘ఇలాంటివే మరికొన్ని’ నొక్కితే ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ రేడియోహెడ్ పక్కన మళ్ళీ గిటార్ బ్యాండ్లే వరస కడతాయి. ఆ బటన్ జోలికి పోకండి. వాళ్ళ ‘కిడ్ ఎ’ (2000) ఆల్బమ్ క్రెడిట్స్ (ఎవరు ఏం చేశారో చెప్పే పేర్ల జాబితా) తీయండి. ‘ఇడియోటెక్’ పాట దగ్గర పాల్ లాన్స్కీ, ఆర్థర్ క్రీగర్ అని బ్యాండ్‌తో సంబంధం లేని రెండు పేర్లు కనిపిస్తాయి. వాళ్ళ పాత రికార్డింగుల ముక్కల్ని ఈ పాటలో వాడుకున్నారు. మొదలుపెట్టాల్సింది అక్కడే.

ముందు ‘ఇడియోటెక్’ రెండు నిమిషాలు వినండి. డ్రమ్స్ వదిలేసి, వెనకాల తిరిగి తిరిగి వచ్చే నాలుగు కార్డ్స్ (ఒకేసారి మోగే స్వరాల గుత్తులు) మీదే చెవి పెట్టండి. వెంటనే లాన్స్కీ ‘మిల్డ్ ఉంట్ లైజె’ పెట్టండి. 1973లో ప్రిన్స్‌టన్‌లో ఐబీఎం కంప్యూటర్‌తో చేసిన ముక్క అది. మొదటి నిమిషంలోనే అవే కార్డ్స్ నెమ్మదిగా, ఒంటరిగా వినిపిస్తాయి. పట్టుకోలేకపోతే మళ్ళీ ‘ఇడియోటెక్’కి వెళ్ళి రండి, రెండో విడతకి దొరుకుతాయి. మొత్తం పద్దెనిమిది నిమిషాలూ ఆ పూటే వినాలనేం లేదు.

తర్వాత వార్ప్ లేబుల్, అంటే రికార్డులు విడుదల చేసే సంస్థ. 1989లో షెఫీల్డ్‌లో పుట్టింది. ‘ఓకే కంప్యూటర్’ ఆల్బమ్ తర్వాత రేడియోహెడ్ గాయకుడు టామ్ యార్క్ ఈ లేబుల్ రికార్డులు గుత్తగా కొని విన్నాడు. ఈ లేబుల్ ఎలక్ట్రానిక్ జంట ఆటెకర్ పేరు వినగానే చాలామంది ‘కన్‌ఫీల్డ్’ (2001) పెట్టి, పది నిమిషాల్లో కట్టేస్తారు. తప్పు చెవిది కాదు, వరసది. అందులో బీట్ ఎక్కడా కుదురుగా నిలబడదు, పట్టుకుని నడవడానికి ఏమీ దొరకదు. ‘యాంబర్’ (1994), ‘ట్రై రిపీటీ’ (1995) విన్నాకే అటు వెళ్ళండి. వీటికంటే ముందు ఎలక్ట్రానిక్ సంగీతకారుడు అఫెక్స్ ట్విన్ ‘సెలెక్టెడ్ యాంబియెంట్ వర్క్స్ 85–92’ వింటే ఇంకా సులువు. అది వార్ప్‌ది కాదు, అపోలో లేబుల్‌ది. లేబుల్ పేజీలో వెతికి లేదనుకోకండి.

ఫోన్ స్పీకర్‌లో వినొద్దు. బాస్ (కింది స్థాయి మంద్ర శబ్దం) పోతుంది, ఈ పాటల్లో సగం కథ బాస్‌దే. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని షఫుల్ ఆపండి, క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివర మరో పాటలో కలిసిపోయే సెట్టింగ్) సున్నా చేయండి, ఈక్వలైజర్ తీసేయండి. గాయకుడు లేడని దిక్కు తోచకపోతే ఒక్క శబ్దాన్ని ఎంచుకుని, అది ఎక్కడ మారుతుందో చూడండి. తంబురా శ్రుతి మీద మనసు నిలిపిన అలవాటుంటే ఇది కష్టం కాదు.

ఇంకో కొమ్మ ఓండ్ మార్టెనో. 1928 నాటి ఫ్రెంచ్ ఎలక్ట్రానిక్ వాయిద్యం. ‘కిడ్ ఎ’ పాటలో యార్క్ మాటల్ని దాంతోనే రాగంలోకి తిప్పారు. జానీ గ్రీన్‌వుడ్‌కి (బ్యాండ్ గిటారిస్ట్) దాని మీద మోజు పుట్టించింది ఫ్రెంచ్ స్వరకర్త మెసియాన్ ‘తురంగలీల’ సింఫనీ. దాని పది భాగాల్లో ఆరోది ముందు వినండి. అందులో ఓండ్ స్వరం తీగవాయిద్యాలతో కలిసి పాకుతుంది.

ఇవన్నీ బరువనిపిస్తే 2011 నాటి రేడియోహెడ్ రీమిక్స్ ఆల్బమ్ ‘టీకేఓఎల్ ఆర్‌ఎమ్‌ఎక్స్’ తీసుకోండి. తెలిసిన పాటల్నే ఎలక్ట్రానిక్ సంగీతకారులు ఫోర్ టెట్, కారిబూ, జేమీ ఎక్స్‌ఎక్స్ లాంటివాళ్ళు తిరగరాశారు. ఏ రీమిక్స్ నచ్చితే ఆ మనిషి సొంత ఆల్బమ్‌కి పోవడమే: ఫోర్ టెట్ అయితే ‘రౌండ్స్’, కారిబూ అయితే ‘స్విమ్’.