ల్యాండ్‌లైన్‌కి కాలర్ ఐడీ పెట్టారు, నంబర్ రావడం లేదా? సమస్య - పరిష్కారం

ఫోన్ చేసేవాళ్ల నంబర్ చూపించే కాలర్ ఐడీ బాక్స్ కొని తగిలించాక ఫోన్ మోగినా స్క్రీన్ మీద ఏమీ పడకపోతే, చాలామంది ముందు చేసే పని దాన్ని షాపుకి తిరిగి పట్టుకెళ్లడం. షాపువాడు ఇంకోటి ఇస్తాడు. అందులోనూ నంబర్ రాదు. ఎందుకంటే ఆ బాక్స్ తనంతట తాను నంబర్ కనిపెట్టలేదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజి పంపితేనే, అదీ బాక్స్‌కి తెలిసిన పద్ధతిలో పంపితేనే చూపిస్తుంది. కాబట్టి తేల్చుకోవాల్సినవి మూడు: నంబర్ అసలు వస్తోందా, దారిలో పాడవుతోందా, వచ్చినా బాక్స్ చదవలేకపోతోందా. కాలర్ ఐడీ ఫోన్‌లోనే ఉన్నా, విడిగా బాక్స్ అయినా వరస ఇదే.

ముందు కనెక్షన్ చూసుకోండి. బాక్స్ వెనక రెండు జాక్‌లు ఉంటాయి. గోడ మీది రోజెట్ (టెలిఫోన్ సాకెట్) నుంచి వచ్చే వైరు 'లైన్' అన్నదాంట్లో, ఫోన్‌కి వెళ్లే పొట్టి వైరు 'ఫోన్' అన్నదాంట్లో పెట్టాలి. కొన్ని బాక్సుల్లో ఈ రెండూ లోపల కలిసే ఉంటాయి, తారుమారైనా నడుస్తుంది. కొన్నిటిలో నడవదు. ఎందుకొచ్చిన గొడవ, సరిగ్గానే పెట్టండి. రిసీవర్‌కి ఉండే చుట్టల వైరును మాత్రం లైన్ జాక్‌లో పెట్టకండి. దాని కొస కొంచెం సన్నం. లోపలికి పోయినట్టే ఉంటుంది కానీ వదులుగా కూర్చుంటుంది, పైగా జాక్‌లోని తీగలు వంగిపోతాయి.

ఇంకో జాగ్రత్త. మామూలుగా లైన్‌లో ఉండేది 48 వోల్టుల డీసీ, ముట్టుకున్నా పెద్దగా తెలియదు. రింగ్ వచ్చేటప్పుడు మాత్రం దానికి 75 నుంచి 90 వోల్టుల ఏసీ తోడవుతుంది. విప్పిన వైరు కొసలు చేతిలో ఉండగా ఎవరైనా ఫోన్ చేస్తే గట్టిగానే జివ్వుమంటుంది. రోజెట్ విప్పి పని చేసేటప్పుడు, టెస్టింగ్‌కి మొబైల్ నుంచి కాల్ కొట్టమని పిల్లలకు అప్పజెప్పకండి.

స్క్రీన్ అసలు వెలగదు

సెల్స్ చూడండి. చాలా బాక్సులు, కాలర్ ఐడీ ఫోన్లు చిన్న పెన్సిల్ సెల్స్ మీద నడుస్తాయి. స్ప్రింగు మీద తెల్లగా పొడి కట్టి ఉంటే గరుకు కాగితంతో రుద్ది కొత్త సెల్స్ వేయండి. పాతవీ కొత్తవీ కలపొద్దు. స్క్రీన్ మీద టైమ్ మసకగా కనిపిస్తున్నా సెల్స్ బాగున్నట్టు లెక్క కాదు. గడియారం నడవడానికి చాలిన కరెంటు నంబర్ చదవడానికి చాలకపోవచ్చు. ఏ సమస్య వచ్చినా ముందు సెల్స్ మార్చి చూడమనడం ఇందుకే.

ఫోన్ మోగుతుంది, స్క్రీన్ బాగుంది, ఒక్క నంబరూ రాదు

ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే, కాస్త ఓపిగ్గా చూద్దాం.

లైన్ మీద ఉన్నవన్నీ తీసేయండి: మోడెమ్, బెడ్‌రూమ్‌లోని ప్యారలల్ ఫోన్, ఫ్యాక్స్, హాల్లో పెట్టిన అదనపు బెల్లు, అన్నీ. రోజెట్‌కి ఈ బాక్స్, దానికో ఫోన్ మాత్రమే ఉంచండి. మీ మొబైల్ నుంచి కాల్ చేసి, ఎత్తకుండా మూడు నాలుగు రింగులు పోనివ్వండి. మొబైల్ సెట్టింగ్స్‌లో మీ నంబర్ దాచి పెట్టుకుని లేరు కదా, అదొకటి చూసుకోండి.

ఇప్పుడు నంబర్ వచ్చిందా? అయితే దొంగ మీరు తీసేసిన వాటిలోనే ఉన్నాడు. ఒక్కొక్కటే తిరిగి తగిలిస్తూ, ప్రతిసారీ ఒక కాల్ చేసి చూడండి. ఒకటో రింగ్‌కే ఎత్తేసేలా పెట్టిన ఫ్యాక్స్ మెషిన్ తరచు దొరికిపోతుంది.

రాలేదా? పక్కింట్లో కాలర్ ఐడీ చక్కగా పనిచేస్తున్న ఫోన్ ఉంటే, వాళ్లదీ మీ ఎక్స్ఛేంజే, మీలాంటి కనెక్షనే అయితే, పది నిమిషాలకు అడిగి తెచ్చి మీ రోజెట్‌కి పెట్టండి. అందులోనూ రాకపోతే, లైన్‌లో గరగర కూడా లేకపోతే, మీ నంబర్‌కి కాలర్ ఐడీ సదుపాయం (ఎక్స్ఛేంజి వాళ్ల మాటల్లో 'క్లిప్') ఆన్ అయి లేనట్టే. బాక్స్‌ను ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు. ఎక్స్ఛేంజిలో అడగండి. బీఎస్ఎన్ఎల్ లైన్ అయితే ఫిర్యాదు నంబర్ 198. "కాలర్ ఐడీ రావట్లేదు" అంటే ఫోన్ మార్చమని సలహా ఇచ్చే అవకాశం ఎక్కువ. "మా నంబర్‌కి క్లిప్ ఆన్ అయి ఉందో లేదో చూడండి, వేరే ఫోన్‌తోనూ టెస్ట్ చేశాం" అంటే మాట సూటిగా వెళ్తుంది.

పక్కింటి ఫోన్‌లో వచ్చి మీ బాక్స్‌లో రాకపోతే, సంగతి పద్ధతి దగ్గర తేడా కొట్టింది. నంబర్ పంపడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి డీటీఎంఎఫ్. మనం బటన్లు నొక్కితే వినిపించే టోన్లే ఇవి. ఎక్స్ఛేంజి ఆ టోన్లతో నంబర్‌ను సాధారణంగా రింగ్ మొదలవకముందే పంపేస్తుంది. రెండోది ఎఫ్‌ఎస్‌కే. పాత డయల్-అప్ మోడెమ్‌లు మాట్లాడుకున్నట్టు డేటా రూపంలో, మామూలుగా మొదటి రింగుకీ రెండో రింగుకీ మధ్య ఉండే ఖాళీలో వస్తుంది. మన దేశంలో రెండూ నడుస్తున్నాయి. మీ ఊళ్లో ఏది నడుస్తోందో పక్కింటి ఫోన్‌ను గమనిస్తే తెలిసిపోతుంది. మోగకముందే నంబర్ పడితే డీటీఎంఎఫ్, ఒకసారి మోగాక పడితే ఎఫ్‌ఎస్‌కే అని దాదాపు ఖాయం చేసుకోవచ్చు.

బాక్స్ అడుగున చిన్న స్విచ్ కానీ, మెనూలో 'డీటీఎంఎఫ్ / ఎఫ్‌ఎస్‌కే / ఆటో' అన్న ఆప్షన్ కానీ ఉందేమో వెతకండి. ఉంటే రెండో పద్ధతికి మార్చి మళ్లీ కాల్ చేయండి. 'ఆటో' ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు. పద్ధతి ఏదో అదే పోల్చుకోవాలి, కొన్ని లైన్ల మీద తప్పుతుంది. ఇక్కడి మార్కెట్ కోసం చేసిన బీటెల్, పానసోనిక్ కాలర్ ఐడీ ఫోన్లు చాలావరకు రెండూ చదువుతాయి. పెట్టె మీద ఒక్క పద్ధతి పేరే రాసి ఉంటే కొనకముందే ఆలోచించండి.

ఎఫ్‌ఎస్‌కే లైన్ ఉన్నవాళ్లకు ఇంకో మాట: ఫోన్ పక్కనే కూర్చుని మొదటి రింగ్‌కే ఎత్తేస్తే నంబర్ రాదు. అది రావాల్సిన సందు మీరే మూసేశారు. రెండో రింగ్ దాకా ఆగండి.

అమెరికా నుంచి తెచ్చిన ఫోన్‌లో నంబర్ రాదు

అబ్బాయో అమ్మాయో అక్కణ్నుంచి మంచి కార్డ్‌లెస్ తెచ్చి ఇస్తారు. మాట స్పష్టంగా వినిపిస్తుంది, నంబర్ మాత్రం రాదు. అక్కడి ఫోన్లు బెల్‌కోర్ అనే అమెరికా రకం ఎఫ్‌ఎస్‌కే కోసం చేసినవి. డీటీఎంఎఫ్ పంపే ఎక్స్ఛేంజి మీద అవి ఏం చేసినా చదవలేవు, మెనూలో ఆప్షన్ కూడా ఉండదు. దీనికి మరమ్మతు లేదు. ఇక్కడ దొరికే బాక్స్‌ను విడిగా పెట్టుకోవాలి, అంతే. ఆ ఫోన్ అడాప్టర్ 120 వోల్టులది అయితే మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టిన మరుక్షణం కాలిపోతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. అక్కడి డెక్ట్ 6.0 రకం కార్డ్‌లెస్‌లు వాడే 1920-1930 మెగాహెర్ట్జ్ మన దగ్గర మొబైల్ కంపెనీల బ్యాండ్‌లోది, వాటికి అడ్డు తగలొచ్చు. నా మట్టుకు ఆ ఫోన్ల జోలికి వెళ్లొద్దనే చెబుతాను. పిల్లలు నొచ్చుకుంటారంటే షోకేసులో పెట్టండి.

నంబర్ వస్తుంది, కానీ అంకెలు తప్పు, లేదా ఒకటి రెండు తక్కువ

లైన్‌లో గరగర ఉంది. రిసీవర్ ఎత్తి, ఏదో ఒక అంకె నొక్కి డయల్ టోన్ పోగొట్టి నిశ్శబ్దంగా వినండి. చిటపటలు వినిపిస్తే కారణం చేతికి చిక్కినట్టే. మాటలో కాస్త గరగర ఉన్నా మనం సర్దుకుంటాం, బాక్స్ సర్దుకోలేదు. డీటీఎంఎఫ్‌లో ఒక టోన్ చెడితే ఒక అంకె ఎగిరిపోతుంది. ఎఫ్‌ఎస్‌కేలో అయితే చివర్లో లెక్క సరిచూసుకునే ఏర్పాటు ఉంది కాబట్టి, చెడితే మొత్తం నంబరే రాదు, లేదా 'ఎర్రర్' అని పడుతుంది.

రోజెట్ మూత తీసి చూడండి. స్క్రూ చుట్టూ ఆకుపచ్చగా చిలుం పట్టి ఉంటే, ముఖ్యంగా వానాకాలంలో బయటి గోడ మీద ఉన్నదైతే, ఇంకెక్కడా వెతకక్కర్లేదు. ఆ ముక్క వరకూ వైరు కోసేసి, లోపలి నిగనిగలాడే రాగి కనపడేలా గీకి, మళ్లీ బిగించండి. వైర్లు మెలిపెట్టి టేపు చుట్టిన అతుకులు ఇంట్లో ఎక్కడున్నా అవి కూడా విప్పి కొత్తగా చేయాల్సిందే. మీ రోజెట్ శుభ్రంగా ఉండి గరగర పోకపోతే లోపం వీధిలో స్తంభం మీది డీపీ బాక్స్ (ఇళ్లకు లైన్లు చీలే పెట్టె) దగ్గరో, ఇంటికి వచ్చే డ్రాప్ వైరులోనో ఉంటుంది. అది లైన్‌మన్ పని, మీరు ఎక్కకండి.

అదే లైన్ మీద బ్రాడ్‌బ్యాండ్ ఉంటే స్ప్లిటర్ (ఫోన్‌నీ ఇంటర్నెట్‌నీ విడదీసే చిన్న డబ్బా) చూడండి. రోజెట్ నుంచి వచ్చేది స్ప్లిటర్ 'లైన్'కి, కాలర్ ఐడీ బాక్స్ దాని 'ఫోన్'కి, మోడెమ్ 'మోడెమ్'కి. బాక్స్‌ను స్ప్లిటర్‌కు ముందే తగిలిస్తే ఇంటర్నెట్ సిగ్నల్ మొత్తం దాని మీద పడుతుంది. లోపలి గదిలో ఇంకో ఫోన్ ఉంటే దాని వైరు కూడా స్ప్లిటర్ దాటాకే చీల్చాలి.

ఫైబర్‌కి మారాక నంబర్ ఆగిపోయింది

ఏళ్ల తరబడి పనిచేసిన బాక్స్ హఠాత్తుగా మూగబోతుంది. రాగి తీగ పోయి ఫైబర్ వచ్చాక మీ ఫోన్‌కి రింగ్ ఇచ్చేదీ, నంబర్ పంపేదీ ఎక్స్ఛేంజి కాదు, గోడకు బిగించిన ఓఎన్‌టీ పెట్టె, అంటే ఫైబర్ వచ్చి చేరే మోడెమ్ లాంటిది. పాత లైన్ డీటీఎంఎఫ్‌లో పంపుతుండి, ఈ పెట్టె ఎఫ్‌ఎస్‌కేకి సెట్ అయి ఉంటే బాక్స్‌కి ఏమీ అందదు. ముందు మీ బాక్స్‌లో పద్ధతి మార్చి చూడండి. అందులో ఆప్షన్ లేకపోతే, ఓఎన్‌టీలో కాలర్ ఐడీ పద్ధతి మార్చమని ఫైబర్ వేసినవాళ్లను అడగండి. ఆ సెట్టింగ్ మామూలుగా మన లాగిన్‌కి కనపడదు. అమెరికాలో ఇంటర్నెట్ ఫోన్ అడాప్టర్‌కి ఇక్కడి ఫోన్ తగిలించుకునేవాళ్లది ఇదే సమస్య తలకిందులుగా. గ్రాండ్‌స్ట్రీమ్ లాంటి వాటిలో 'కాలర్ ఐడీ స్కీమ్' అన్న చోట బెల్‌కోర్, ఈటీఎస్ఐ, డీటీఎంఎఫ్ రకాలు వరసగా ఉంటాయి, ఒక్కొక్కటి మార్చి చూడాలి.

నంబర్ సరిగ్గానే ఉంది, తిరిగి కొడితే కాల్ పోదు

2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి ఏ మొబైల్‌కి చేసినా ముందు సున్నా కొట్టాలి. స్క్రీన్ మీద పది అంకెలే పడతాయి, 'రీడయల్' నొక్కితే బాక్స్ ఆ పదే డయల్ చేస్తుంది. కొన్ని ఫోన్లలో ఆ బటన్ కాసేపు నొక్కి పట్టుకుంటే ముందు సున్నా చేరుతుంది. లేకపోతే చేత్తో కొట్టుకోవాల్సిందే. వేరే ఊరి ల్యాండ్‌లైన్ కూడా ఎస్టీడీ కోడ్‌లో సున్నా లేకుండా పడుతుంది. 866తో మొదలైన పది అంకెలు చూసి మొబైల్ అనుకుంటారు, అది విజయవాడ ల్యాండ్‌లైన్ కావచ్చు. హైదరాబాద్‌ది అయితే 40తో మొదలవుతుంది కాబట్టి పోల్చుకోవడం తేలిక. వేరే ఊరిదైతే ముందు సున్నా చేర్చండి, మీ ఊరిదే అయితే కోడ్ తీసేసి మిగతాది కొట్టండి.

'ప్రైవేట్', 'అవుట్ ఆఫ్ ఏరియా' అని పడుతోంది

బాక్స్ బాగానే పనిచేస్తోందని అర్థం. మొదటిదానికి అవతలివాళ్లు నంబర్ దాచుకున్నారు. రెండోదానికి నంబర్ మీ ఎక్స్ఛేంజి దాకా చేరలేదు, విదేశీ కాల్స్‌కి ఇలా జరుగుతుంటుంది. ఇక్కడ మీరు సరిచేయగలిగింది ఏమీ లేదు. 140తో మొదలైతే అమ్మకాల కాల్, ఎత్తాలో లేదో మీ ఇష్టం.

టైమ్, తేదీ తప్పు

డీటీఎంఎఫ్‌లో నంబర్ తప్ప టైమ్ రాదు, కాబట్టి సెల్స్ మార్చినప్పుడల్లా మీరే పెట్టుకోవాలి. ఎఫ్‌ఎస్‌కేలో నంబర్‌తో పాటు నెల, తేదీ, గంట, నిమిషం వస్తాయి, సంవత్సరం రాదు. మీరు సరిగ్గా పెట్టినా ఒక కాల్ రాగానే టైమ్ మళ్లీ తప్పుతోందంటే, తప్పు అవతలి గడియారానిది. రోజూ దిద్దుకుంటూ కూర్చోకుండా వదిలేయండి.

పేరు ఎందుకు రాదు

డీటీఎంఎఫ్‌లో పేరు పంపే వీలే లేదు. ఎఫ్‌ఎస్‌కేలో వీలుంది కానీ మన ల్యాండ్‌లైన్లకు ఆ అలవాటు లేదు. బాక్స్‌లో ఫోన్‌బుక్ ఉంటే నంబర్ సేవ్ చేసుకోండి, అప్పుడు పేరు పడుతుంది. అయినా పడకపోతే సేవ్ చేసిన నంబర్, స్క్రీన్ మీద వచ్చే నంబర్ అంకె అంకె ఒకటేనా చూడండి. మీరు సున్నాతో సేవ్ చేసి, లైన్ మీద సున్నా లేకుండా వస్తుంటే కొన్ని బాక్సులు రెండూ వేరు అనుకుంటాయి.

అపార్ట్‌మెంట్ ఇంటర్‌కమ్ గుండా వచ్చే లైన్

లైన్ ముందు కింద ఉన్న ఈపీఏబీఎక్స్‌కి (ఇంటర్‌కమ్ నడిపే మెషిన్‌కి) వెళ్లి అక్కణ్నుంచి మీ ఫ్లాట్‌కి వస్తుంటే, మీ బాక్స్‌కి కనిపించేది ఆ మెషిన్ పంపినదే. దానికి కాలర్ ఐడీ కార్డు లేకపోతే బయటి నంబర్ రాదు, వాచ్‌మన్ గది ఎక్స్‌టెన్షన్ నంబర్ లాంటిదేదో పడుతుంది, లేదా ఏమీ పడదు. మీ బాక్స్‌ను ఒకసారి కిందకు పట్టుకెళ్లి, బయటి లైన్ మెషిన్‌లోకి వెళ్లే చోట నేరుగా పెట్టి చూడండి. అక్కడ నంబర్ వస్తే, మాట్లాడాల్సింది టెలిఫోన్ వాళ్లతో కాదు, మీ అసోసియేషన్‌తో.