మూడో తరగతి బిడ్డకు చదవడం రాకపోతే ఇంట్లో ఎక్కడ మొదలుపెట్టాలి

పిల్లవాడు మూడో తరగతికో నాలుగో తరగతికో వచ్చాక, తెలుగు వాచకంలో నాలుగు వాక్యాలు కూడబలుక్కొని కూడా చదవలేకపోతున్నాడని ఇంట్లో తెలిసే సమయానికి చాలావరకు ఒకటి రెండేళ్లు వృథాగా గడిచిపోయి ఉంటాయి. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చినప్పటి నుంచి ప్రాథమిక తరగతుల్లో పిల్లలను ఫెయిల్ చేసి అదే తరగతిలో కూర్చోబెట్టడం లేదు. 2019లో చేసిన సవరణ ఐదు, ఎనిమిది తరగతుల విషయంలో రాష్ట్రాలకు కొంత వెసులుబాటు ఇచ్చినా, అంతకు కింది తరగతుల్లో ఆ నియమం మారలేదు. పసిపిల్లలను ఫెయిల్ అని ముద్ర వేయకపోవడం మంచి పద్ధతి అనే నా అభిప్రాయం. అయితే తరగతి పెరిగింది గనుక చదువు కూడా పెరిగిందని ఇంట్లో అనుకుంటే లోటు కనబడకుండా ఉండిపోతుంది. బడిలో మధ్యమధ్య పెట్టే ఎఫ్‌ఏ, చివర పెట్టే ఎస్‌ఏ పరీక్షల మార్కులను బట్టి కూడా అన్నిసార్లూ తెలియదు. ప్రశ్నలకు జవాబులు బట్టీ పట్టి రాసేవారు, చూచిరాతలో ముత్యాల్లాంటి అక్షరాలు రాసేవారు, అదే పేజీని చదవమంటే నీళ్లు నమలడం ప్రతి బడిలోనూ కనిపిస్తుంది.

కనుక అన్నిటికంటే ముందు బిడ్డ ఏ మెట్టు మీద ఆగిపోయాడో తెలుసుకోవాలి. ఇందుకు పెద్ద పరీక్ష అవసరం లేదు; ఒక సాయంత్రం ఇంట్లో గొడవ లేని సమయం, నాలుగు తెల్ల కాగితాలు చాలు. మొదటి కాగితం మీద పది అక్షరాలు, రెండో దాని మీద ఒత్తులు లేని పది చిన్న పదాలు, మూడో దాని మీద ఒకటో తరగతి స్థాయిలో నాలుగు సులువైన వాక్యాలు, నాలుగో దాని మీద రెండో తరగతి స్థాయిలో ఎనిమిది పది వాక్యాల చిన్న కథ పెద్ద అక్షరాలతో రాయాలి. మొదట వాక్యాలు ఇచ్చి, అవి ధారగా చదివితే కథకు వెళ్లాలి, తడబడితే పదాలకు, అక్కడా ఆగితే అక్షరాలకు దిగాలి. నచ్చిన ఐదు పదాలు ఎంచుకొని చదవమన్నప్పుడు కనీసం నాలుగు సరిగా చదివితే ఆ మెట్టు వచ్చినట్లు లెక్క. ఈ వాక్యాలను బిడ్డ పాఠ్యపుస్తకం నుంచి తీసుకోకూడదు, ఎందుకంటే తరగతిలో అందరూ కలిసి పలికిన పాఠం చెవిలో నిలిచిపోయి, కళ్లు అక్షరం మీద లేకున్నా నోరు దాన్ని అప్పజెప్పేస్తుంది.

అక్షరాలు అడిగేటప్పుడు కూడా అ, ఆ, ఇ, ఈ అని వరుసలో అడగవద్దు. ప, వ, ష, స కలిపి ఒక వరుస, మ, య కలిపి ఒక వరుస, బ, భ, ద, ధ, థ కలిపి ఒక వరుస రాసి, అక్కడొకటి ఇక్కడొకటి వేలు పెట్టి అడగాలి. వెనుకబడిన పిల్లల్లో చాలామంది దొరికిపోయేది ఇక్కడే. గుణింతంలోనూ అంతే: ‘క కా కి కీ’ అని చివరి దాకా ఒకే ఊపిరిలో చెప్పే బిడ్డను విడిగా ‘కే’ చూపించి అడిగితే, మనసులో మొదటి నుంచి లెక్కపెట్టుకుంటూ పెదవులు కదిలిస్తుంది. గుడికీ గుడిదీర్ఘానికీ, ఎత్వానికీ ఏత్వానికీ తేడా కంటికి పట్టిందా లేదా అన్నది ఆ ఒక్క క్షణంలో తెలిసిపోతుంది. ఏది వచ్చిందో, ఏది రాలేదో ఒక నోటుబుక్కులో తేదీ వేసి రాసి పెట్టుకోండి.

చదువు మొదలుపెట్టే ముందు ఒంటి సంగతి చూడాలి. పుస్తకాన్ని ముఖానికి ఆనించుకొని చదివే బిడ్డకు, నల్లబల్ల మీది రాతను పక్కవారి నోటుబుక్కులో చూసి ఎక్కించుకునే బిడ్డకు కంటి పరీక్ష చేయించాలి. తరచుగా చెవి కారే పిల్లలు, పిలిస్తే రెండోసారి గాని పలకని పిల్లలు తరగతిలో సగం మాటలు వినకుండానే కూర్చుంటారు. అలాంటివారిని మొండివారని అనుకోవడం అన్యాయం. రక్తహీనత ఉన్న బిడ్డ మధ్యాహ్నం కల్లా వాలిపోతుంది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు బడికే వచ్చి పరీక్షిస్తాయి, ఆ రోజు బిడ్డను తప్పకుండా బడికి పంపి, మీ అనుమానం ఏమిటో సారుకు ముందే చెప్పి ఉంచండి. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న ఇచ్చే నులిపురుగుల మాత్ర, ఐదు నుంచి పదేళ్ల పిల్లలకు వారానికొకసారి ఇచ్చే గులాబీ రంగు ఐరన్ మాత్ర చదువుకు సంబంధం లేనివిగా చాలామందికి తోస్తాయి గాని, ఒంట్లో రక్తం లేని బిడ్డ పాఠం మీద దృష్టి నిలపలేదు.

ఇక చదవడం నేర్పే పని. రోజుకు అరగంట చాలు, కాని ఏ రోజూ తప్పకూడదు. ఆదివారం పూట మూడు గంటలు కూర్చోబెట్టి మిగిలిన రోజులు వదిలేస్తే ఫలితం ఉండదు. వరంగల్ చుట్టుపక్కల మన ప్రాంతంలో ఇందుకు అందుబాటులో ఉన్న మంచి వాచకం బస్సు బోర్డు. మన ఊళ్ల పేర్లలోనే తెలుగు చదువు మెట్లన్నీ ఉన్నాయి. ‘పరకాల’లో తలకట్లు, ఒక్క దీర్ఘం తప్ప ఏమీ లేవు గనుక అక్షరాలు వచ్చిన బిడ్డ మొదటి రోజే దాన్ని చదివేస్తుంది. ‘ములుగు’లో మూడు అక్షరాలకూ కొమ్ములే. ‘కాజీపేట’లో గుడిదీర్ఘం, ఏత్వం వస్తాయి. ఇవి అలవాటయ్యాక ‘జమ్మికుంట’, ‘భూపాలపల్లి’, ‘తొర్రూరు’ ఇచ్చి అదే అక్షరం కింద అదే ఒత్తు ఎలా వస్తుందో చూపించాలి. చివరకు ‘నర్సంపేట’, ‘వర్ధన్నపేట’ ఇవ్వాలి. వర్ధన్నపేట చదవగలిగిన బిడ్డకు సంయుక్తాక్షరాల భయం చాలావరకు పోయినట్లే. త, న, మ, య, ర ఒత్తులు తమ అక్షరాల రూపంలో ఉండవు గనుక వాటిని విడిగా, రోజుకొకటి చొప్పున, పలక మీద పెద్దగా రాసి చూపించాలి. ఒకేసారి అన్నీ నేర్పబోతే అన్నీ కలగాపులగం అవుతాయి. బస్టాండులో నిలబడ్డప్పుడు, కిరాణా దుకాణం ముందు, పెండ్లి పత్రిక చేతికి వచ్చినప్పుడు నిన్న నేర్చుకున్న ఒత్తు ఎక్కడుందో వెతకమంటే బిడ్డ తనంతట తానే వేలు పెట్టి చూపిస్తుంది.

పదం చదివేటప్పుడు బిడ్డ ఆగిపోతే వెంటనే అందించవద్దు. మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టుకునేంత సేపు ఓపిక పట్టి, అప్పటికీ రాకపోతే మొదటి అక్షరం మాత్రం చెప్పాలి. వాక్యం పూర్తయ్యాక పుస్తకం మూసి, ఏం జరిగిందో నీ మాటల్లో చెప్పమనాలి. ఇక్కడ తల్లిదండ్రులు, కొన్నిసార్లు ఉపాధ్యాయులు కూడా పొరబడే విషయం ఒకటుంది. పుస్తకంలో ‘వచ్చాడు’ అని ఉంటే బిడ్డ ‘వచ్చిండు’ అని చదువుతుంది. ‘పోతున్నాడు’ అని ఉంటే ‘పోతాండు’ అంటుంది. ఇది తప్పు కాదు. అర్థం తలకెక్కింది గనుకే ఆ మాట ఇంటి మాటగా మారి బయటికి వచ్చింది. చదవడం కుదురుకునే వరకు దీన్ని సరిదిద్దవద్దు, నవ్వవద్దు. రాతలోకి వచ్చాక పుస్తకం మాట ఎలా ఉంటుందో మెల్లగా చూపించవచ్చు.

మహబూబాబాద్, ములుగు జిల్లాల తండాల్లో గోర్‌బోలి (లంబాడీల భాష), ఏటూరునాగారం వైపు కోయ, ఉట్నూరు వైపు గోండి మాట్లాడే ఇళ్ల పిల్లల కష్టం ఇంకా లోతైనది. ఆరేళ్ల బిడ్డకు తెలుగే రెండో భాష, దాని మీద 2022-23 నుంచి ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో ఇంగ్లిష్ మీడియం. అలాంటి ఇంట్లో తల్లికి తెలుగు చదవడం రాకపోయినా ఆమె చేయగలిగిన పని చాలా ఉంది: కథను ఇంటి భాషలోనే చెప్పించుకోవడం, లెక్కను ఇంటి భాషలోనే చేయించడం. ఒక భాషలో తెలిసిన విషయానికి మరో భాషలో పేరు నేర్చుకోవడం సులువు, తెలియని విషయాన్ని తెలియని భాషలో నేర్చుకోవడమే కష్టం. పాఠ్యపుస్తకంలో ఒకవైపు తెలుగు, మరోవైపు ఇంగ్లిష్ ఉంటాయి గనుక ముందు తెలుగు పేజీ అర్థం చేసుకొని తర్వాత ఇంగ్లిష్ పేజీకి వెళ్లడం అన్ని ఇళ్లలోనూ పాటించదగిన క్రమం.

లెక్కల్లో పిల్లలు ఎక్కువగా ఆగిపోయేది తీసివేత దగ్గర. 52 లోంచి 27 తీసివేయమంటే 35 అని రాసే పిల్లలు ఎందరో ఉన్నారు. దాన్ని కొట్టేసి 25 అని రాయించడం వల్ల ఏమీ రాదు. 35 ఎలా వచ్చిందో అడగాలి. 2 లోంచి 7 పోదు గనుక బిడ్డ 7 లోంచి 2 తీసింది, అంటే బిడ్డకు తీసివేత వచ్చు, పదుల స్థానం అంటే ఏమిటో తెలియదు. ఐదు పదిరూపాయల నోట్లు, రెండు రూపాయి బిళ్లలు చేతికిచ్చి, దుకాణదారుకు 27 రూపాయలు ఇవ్వమనండి. రెండు నోట్లు ఇచ్చాక ఏడు రూపాయలకు చిల్లర చాలదు. ఒక నోటు మార్చి పది బిళ్లలు తీసుకోక తప్పదు. ఇప్పుడు చేతిలో పన్నెండు బిళ్లలు, వాటిలో ఏడు పోతే ఐదు, మిగిలిన నోట్లు రెండు. ఇలా చేతులతో కొన్ని రోజులు చేశాక, నోటు మార్చిన ప్రతిసారీ కాగితం మీద ఏ అంకె మారుతుందో పక్కనే రాసి చూపించాలి. నోట్లు లేకపోతే చీపురు పుల్లలు పదేసి కట్టలు కట్టుకున్నా సరిపోతుంది. ఎక్కాలు బట్టీ పట్టించడం ఆ తర్వాతి సంగతి.

బడికి పోని రోజుల గురించి నిర్మొహమాటంగా చెప్పాలి. పత్తి ఏరే నెలల్లో, మిరప ఏరే నెలల్లో బిడ్డను చేనుకు తీసుకుపోయినా, చంటిపిల్లను చూసుకొమ్మని ఇంట్లో ఉంచినా, ఆ వారాల్లో తరగతి ఒక ఒత్తు, ఒక లెక్క దాటి ముందుకు పోతుంది, తర్వాత వచ్చేవన్నీ దాని మీదే కట్టి ఉంటాయి. పని తప్పించుకోలేని కుటుంబాల కష్టం నాకు తెలుసు. అందుకే కనీసం ఏ రోజుల్లో ఏ పాఠం జరిగిందో పక్కింటి పిల్లలను అడిగి రాసుకొని, ఆ లోటును ఆ నెలలోనే పూడ్చమంటున్నాను. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు తండ్రి గల్ఫ్‌లో ఉండి బిడ్డ అమ్మమ్మ దగ్గరో నాయనమ్మ దగ్గరో పెరిగే ఇళ్లలో, వాట్సాప్ వీడియో కాల్‌లో ‘మంచిగ చదువుతున్నవా’ అని అడిగి ఊరుకోకుండా, అదే కాల్‌లో ఐదు వాక్యాలు చదివించుకొని వినవచ్చు.

బడికి వెళ్లి మాట్లాడేటప్పుడు ‘మా పిల్లవాడు ఎలా చదువుతున్నాడు సార్’ అని అడిగితే ‘పర్వాలేదు’ అన్న జవాబే వస్తుంది. మీరు రాసుకున్న నోటుబుక్కు తీసుకుపోయి, ద్విత్వాక్షరాల దగ్గర ఆగుతున్నాడు, తీసివేతలో పదులు తెలియడం లేదు అని చెప్పండి. తెలంగాణ బడుల్లో 2022 నుంచి నడుస్తున్న తొలిమెట్టు కార్యక్రమం ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లల్లో ఈ పునాదుల కోసమే వచ్చింది. మీ బిడ్డను అందులో ఏ స్థాయిలో ఉంచారో అడిగి తెలుసుకునే హక్కు మీకుంది. ట్యూషన్ పెట్టదలచుకుంటే, అక్కడ ఆ రోజు హోంవర్కు పూర్తి చేయించి పంపుతున్నారా, లేక రాని మెట్టు నుంచి నేర్పుతున్నారా అని ముందే తేల్చుకోండి. మొదటి రకం ట్యూషన్‌కు పెట్టే డబ్బు దండుగ. ఇరుగుపొరుగు పిల్లలతో, అక్కతో, చెల్లెతో పోల్చడం, చుట్టాల ముందు చదవమని నిలబెట్టడం మాత్రం ఏ పరిస్థితిలోనూ చేయవద్దు.

ఇంత చేసినా, మూడు నాలుగు నెలల పాటు రోజూ కూర్చోబెట్టినా, తెలివిగా మాట్లాడే బిడ్డ నిన్న నేర్చుకున్న అక్షరాన్ని ఇవాళ గుర్తుపట్టలేకపోతుంటే, అక్షరాల వరుసను తారుమారు చేస్తుంటే, అది నిర్దిష్ట అభ్యసన వైకల్యం కావచ్చు. దీన్ని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాల్లో ఒకటిగా గుర్తించింది. ఇది మందబుద్ధి కాదు, సోమరితనం అసలే కాదు. ముందుగా ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో నడిచే భవిత కేంద్రంలో ప్రత్యేక ఉపాధ్యాయులను కలవండి, ఆ కేంద్రం ఎక్కడుందో బడిలో తెలియకపోతే మండల విద్యాధికారి కార్యాలయంలో చెబుతారు. బాల స్వాస్థ్య బృందం చీటీ రాస్తే, జిల్లా స్థాయిలో పిల్లల ఎదుగుదల లోపాలను పరీక్షించే కేంద్రానికి కూడా పంపుతారు. వెళ్లేటప్పుడు కంటి, చెవి పరీక్షల కాగితాలు, గత రెండేళ్ల నోటుబుక్కులు వెంట ఉంచుకోండి. నిర్ధారణ అయితే ధ్రువీకరణ పత్రం కోసం అక్కడే అడగండి. పై తరగతుల పరీక్షల్లో అదనపు సమయం వంటి వెసులుబాట్లు అడగాలంటే ఆ పత్రం ఉండాలి.