పగడం ముక్క ముడుచుకుపోతే ముందు ఏం చూడాలి? ఫ్రాగ్ ట్యాంక్ సమస్యలు - పరిష్కారాలు

పెద్ద పగడం నుంచి కోసిన చిన్న ముక్కల్ని (ఫ్రాగ్‌లు) పెంచే లోతు తక్కువ తొట్టే ఫ్రాగ్ ట్యాంక్. అమెరికాలో ఇంట్లో ఇలాంటిది పెట్టుకున్న మనవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఇండియాలో ఉన్నవాళ్ళకి ముందే ఒక మాట: రాతి పగడాలు అక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని షెడ్యూల్ 1లో ఉన్నాయి, పులితో పాటు. ఎవరైనా లైవ్ కోరల్ అమ్ముతామంటే కొనకండి.

కింది లెక్కలన్నీ 20 గ్యాలన్ల తొట్టికి, అంటే సుమారు 75 లీటర్లకు.

అన్నీ ఒకేసారి ముడుచుకున్నాయి

నిన్నటిదాకా విచ్చుకున్నవన్నీ ఒక్క రోజులో మూసుకుంటే అనుమానించాల్సింది నీళ్ళని. మొదట ఉష్ణోగ్రత, ఆ తర్వాత ఉప్పు శాతం చూడండి. నీళ్ళు ఆవిరవుతాయి, ఉప్పు అక్కడే ఉంటుంది. ఒక్క గ్యాలన్ తగ్గితే చాలు, 35 పీపీటీ (వెయ్యి భాగాల నీటిలో 35 భాగాల ఉప్పు) ఉండాల్సింది దాదాపు 37కి చేరుతుంది. తగ్గిన మేరకు ఉప్పు కలపని ఆర్ఓడీఐ నీళ్ళు (ఫిల్టర్లతో లవణాలు తీసేసిన శుద్ధమైన నీళ్ళు) కొంచెం కొంచెంగా పోయండి. నెల రోజులు ఇండియా వెళ్ళేవాళ్ళకైతే ఆటో టాప్-ఆఫ్ (తగ్గిన నీటిని తనంతట తనే పోసే పరికరం) తప్పనిసరి. పక్కింటివాళ్ళని ఎంత బతిమాలినా రోజూ వచ్చి పొయ్యరు.

ఉప్పు శాతం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ని మామూలు నీళ్ళతో సున్నాకి సెట్ చేసి వదిలేస్తే 35 దగ్గర తప్పు చూపించవచ్చు. 35 పీపీటీ కాలిబ్రేషన్ ద్రవంతోనే సరిచూసుకోండి. ఉష్ణోగ్రత 25-26 డిగ్రీల సెల్సియస్ దాటి పైకి పోతుంటే హీటర్ ఆగకుండా పనిచేస్తోందేమో చూసి, దానికి వేరే కంట్రోలర్ పెట్టండి. ఇవి రెండూ సరిగ్గానే ఉంటే, గదిలో ఎవరైనా దోమల స్ప్రే కొట్టారా, లోషన్ రాసుకున్న చేయి తొట్టిలో పెట్టారా అని అడగండి. అలాంటిదేమైనా జరిగి ఉంటే కొంత నీరు మార్చి, యాక్టివేటెడ్ కార్బన్ వెయ్యాలి.

మొదలు దగ్గర కండ ఊడి తెల్లటి అస్థిపంజరం బయటపడుతోంది

అక్రోపోరా లాంటి ఎస్పీఎస్ పగడాల్లో (చిన్న పాలిప్స్, అంటే పువ్వుల్లా విచ్చుకునే చిన్న జీవులు, ఉండే రాతి పగడాలు) దీనికి చాలాసార్లు కారణం ఆల్కలినిటీ (నీటిలో కార్బొనేట్ల మోతాదు) ఎగుడుదిగుడులే. పగడం తన అస్థిపంజరాన్ని కాల్షియం కార్బొనేట్‌తో కట్టుకుంటుంది. నీళ్ళలో కాల్షియం 420 పీపీఎం (పది లక్షల భాగాల్లో 420) దాకా ఉంటుంది కాబట్టి 20 పీపీఎం తగ్గినా తెలియదు. అదే సమయంలో ఆల్కలినిటీ మాత్రం 8.5 డీకేహెచ్ (ఆల్కలినిటీ కొలత) నుంచి 6 కిందికి పడిపోతుంది. పైగా ముక్కలు పెరిగేకొద్దీ వాడకమూ పెరుగుతుంది. మొన్నటి నెల డోసు ఈ నెలకి చాలకపోవడం అందుకే.

మూడు రోజులు, రోజూ ఒకే వేళకి కొలిచి రాసుకోండి. రోజుకి ఎంత తగ్గుతోందో తేలాక అంతే రోజూ కలపండి. 75 లీటర్లలో 1 డీకేహెచ్ పెంచడానికి బేకింగ్ సోడా సుమారు 2.2 గ్రాములు, అంటే దాదాపు అర టీస్పూను, సరిపోతుంది. ఆర్ఓడీఐ నీళ్ళలో కరిగించి, నీటి ప్రవాహం ఉన్న చోట నిదానంగా పోయండి. బాగా పడిపోయిందని టెన్షన్ పడి ఒకేసారి ఎక్కించకండి, రోజుకి 1 డీకేహెచ్ మించకూడదు. 8 మంచిదా 9 మంచిదా అని ఎక్కువ ఆలోచించక్కర్లేదు. 8 అయితే 8 దగ్గరే నిలపండి.

ఎంత కలిపినా పెరగకపోతే మెగ్నీషియం చూడండి. అది 1250 పీపీఎం కంటే బాగా తక్కువుంటే, కలిపినది పగడానికి అందకముందే హీటర్ మీదా పంపుల మీదా తెల్లగా పేరుకుంటుంది. మొదలు బాగుండి కొనలు మాత్రమే కాలినట్టు అయితే వ్యవహారం తిరగబడిందన్నమాట: ఆల్కలినిటీ 11 దాకా ఉంది, నైట్రేట్, ఫాస్ఫేట్ దాదాపు సున్నా.

కండ వేగంగా ఊడుతుంటే ఆగి చూడకండి. బాగున్న కండలోనే, ఊడిన గీతకి కాస్త పైన, బోన్ కట్టర్‌తో కోసి కొత్త ప్లగ్‌కి (ముక్కని నిలబెట్టే చిన్న దిమ్మ) అతికించండి.

రంగు పోయింది

కండ ఉంది, పాలిప్స్ ఉన్నాయి, కానీ మొత్తం తెల్లబడిందంటే చాలావరకు వెలుతురు ఎక్కువైనట్టే, లేదా నీరు వేడెక్కినట్టు. అక్రోపోరాకి 200-350 పార్ (పగడానికి పనికొచ్చే వెలుతురు కొలత), హామర్ లాంటి ఎల్పీఎస్ (పెద్ద పాలిప్స్ ఉండే) పగడాలకి 80-150 పార్ చాలు. కొత్త ముక్కని కింద పెట్టి, మూడు నాలుగు వారాల మీద పైకి జరపండి. అదే ముక్క గోధుమ రంగుకి తిరిగితే వెలుతురు చాలట్లేదు, లేదా నైట్రేట్, ఫాస్ఫేట్ ఎక్కువ. అందంగా ఉండదు కానీ ప్రాణానికి ముప్పేమీ లేదు.

కండ మీద గుండ్రటి కొరుకుడు మచ్చలు

అక్రోపోరా మీదైతే చదును పురుగులు (ఫ్లాట్‌వర్మ్‌లు). మాంటిపోరా (ఇంకో ఎస్పీఎస్ పగడం) మీద అంచుల నుంచి తెల్లబడుతుంటే చిన్న తెల్ల నూడిబ్రాంక్‌లు (గుల్ల లేని సముద్రపు నత్తలు). డిప్ చేస్తే (మందు కలిపిన నీళ్ళలో కాసేపు ముంచితే) పురుగులు రాలతాయి, గుడ్లు మాత్రం చావవు. గుడ్లున్న పాత ప్లగ్ తీసి పారేసి, వారానికోసారి చొప్పున కొన్ని వారాలు డిప్ చేస్తూనే ఉండాలి. కొత్తవి కొన్నప్పుడే విడి తొట్టిలో ఉంచితే ఈ గొడవ ఉండదు.

గోధుమ రంగు జిగురు

కొత్త తొట్టిలో పొడిలా ఉంటే డయాటమ్‌లు (ఒక రకం సూక్ష్మ నాచు), వాటంతటవే పోతాయి. చీమిడిలా సాగుతూ గాలి బుడగలు పట్టుకుని ఉంటే డైనోఫ్లాజెల్లేట్లు (ఇంకో రకం సూక్ష్మజీవులు). వీటిని చూడగానే నీళ్ళు మార్చాలనిపిస్తుంది, కానీ పోషకాలు సున్నా అయిన చోటే ఇవి ఎక్కువగా పుడతాయి. నీటి మార్పు ఆపి, నైట్రేట్ 5 పీపీఎం, ఫాస్ఫేట్ 0.05 పీపీఎం చుట్టూ ఉండేలా చూడండి.

ముక్క ప్లగ్ నుంచి ఊడిపోతోంది

తడి ముక్కకి పల్చటి సూపర్‌గ్లూ పట్టదు, జెల్ రకం కావాలి. ముక్క అడుగు తుడిచి, జెల్ పెద్ద చుక్క పెట్టి నొక్కి పట్టుకోండి. జోవాంతిడ్‌లు, పాలిథోవాలు (రాతి అస్థిపంజరం లేని మెత్తటి పాలిప్స్) అయితే చేతికి గ్లవ్స్, కళ్ళకి అద్దాలు లేకుండా ముట్టుకోవద్దు. వీటిలో కొన్నింటిలో ఉండే పాలిటాక్సిన్ అతి తీవ్రమైన విషం. అవి పట్టిన రాయిని ఉడికించడం, వేడినీళ్ళతో కడగడం అసలే వద్దు, ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సందర్భాలున్నాయి. జిగురు బాగానే ఉన్నా పొద్దున్నే ముక్కలు కింద పడి ఉంటే అది టర్బో నత్తల పని. ప్లగ్ కాడ ఎగ్‌క్రేట్ (ప్లగ్‌లని నిలబెట్టే గళ్ళ ప్లాస్టిక్ పలక) గడిలో బిగుతుగా కూర్చునేలా చూడండి, లేదంటే పెద్ద నత్తల్ని వేరే తొట్టిలోకి మార్చండి.