ఫ్రెష్‌మన్ గార్డ్ వల్ల జట్టుకెంత మేలు జరిగిందో కనిపెట్టడం ఎలా?

ఎమ్మెస్‌ కోసం ఓక్లహోమా యూనివర్సిటీకి, నార్మన్‌లో దిగేనాటికి నాకు తెలిసిన ఆట క్రికెట్ ఒక్కటే. ఆ 2017-18 సీజన్లోనే, ఆ ఊళ్లో పెరిగిన ట్రే యంగ్ ఫ్రెష్‌మన్‌గా, అంటే మొదటి ఏడాది విద్యార్థిగా, కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులోకి గార్డ్‌గా వచ్చాడు. గార్డ్ అంటే బంతిని ముందుకు నడిపించే ఆటగాడు. ముందటేడు 11 గెలిచి 20 ఓడిన జట్టు, అతనొచ్చాక మొదటి 16 మ్యాచుల్లో 14 గెలిచింది. ఊరంతా అదే మాట. నేను బాస్కెట్‌బాల్ చూడటం నేర్చుకున్నది అతన్ని చూసే.

బాక్స్ స్కోర్, అంటే మ్యాచ్‌లో ఎవరేం చేశారో చూపే అంకెల పట్టిక, తెరవగానే పాయింట్ల వైపు వెళ్లకండి. ముందు ఎన్ని షాట్లు వేశాడో చూడండి. 2018 జనవరి 20న ఓక్లహోమా స్టేట్ మీద ట్రే 48 పాయింట్లు కొట్టాడు. నేనూ మా రూమ్మేటూ సోఫా మీద ఎగిరి గంతులేశాం. తర్వాత చూస్తే 39 షాట్లు వేస్తే బుట్టలో పడ్డవి 14 మాత్రమే. ఓవర్‌టైమ్‌లో జట్టు 83-81తో ఓడింది. మూడు రోజులకే కాన్సాస్ మీద వేసినవి 9 షాట్లే. 26 పాయింట్లు, 9 అసిస్టులు (పక్కవాడు వెంటనే బుట్టలో వేసేలా ఇచ్చిన పాసులు), గెలుపు 85-80. బంతులన్నీ తినేసి సెంచరీ కొట్టి మ్యాచ్ పోగొట్టేవాళ్లు మనకి కొత్తేం కాదుగా!

తర్వాత టర్నోవర్లు, అంటే బంతిని ఎదుటి జట్టుకి పోగొట్టుకోవడాలు. ఆ ఏడాది సగటున 27.4 పాయింట్లు, 8.7 అసిస్టులు అతనివి. రెండింట్లోనూ ఒకే సీజన్లో దేశంలో మొదటి స్థానం అంతకుముందు ఎవరికీ రాలేదు. అదే మనిషి మ్యాచ్‌కి అయిదుసార్లు బంతి పోగొట్టుకున్నాడు, కాన్సాస్ స్టేట్ మీదైతే 12 సార్లు. ఇక్కడ తొందరపడి తిట్టకండి. బంతి ఎలా పోయిందో చూడండి. కోర్టు మధ్యలోనే ఇద్దరు మీద పడితే తప్పు అతనొక్కడిదే కాదు, పక్కవాళ్లు సాయానికి రాలేదన్నమాట. అసిస్టులూ అంతే. నార్త్‌వెస్టర్న్ స్టేట్ మీద 22 ఇచ్చి రికార్డు సమం చేశాడు సరే, ఎదుటి జట్టు బలమెంతో కూడా లెక్కలోకి తీసుకోవాలి.

అసలు కిటుకు ఇది, నాకు ఒంటబట్టడానికి రెండు నెలలు పట్టింది. ఒక అయిదు నిమిషాలు బంతిని చూడటం మానేసి, మిగతా నలుగుర్నీ చూడండి. ట్రే మూడు పాయింట్ల గీతకి చాలా దూరం నుంచి కూడా కొడతాడు కాబట్టి అతన్ని కాచేవాడు అంత దూరం పైకి రావాల్సిందే. దాంతో బుట్ట దగ్గర చోటు ఖాళీ అవుతుంది. ఆ ఖాళీలోకి మన పొడుగువాడు పరిగెడుతున్నాడా? మూలన ఉన్న షూటర్ చేతులు సిద్ధంగా పెట్టుకున్నాడా? లేక అందరూ నిలబడి చోద్యం చూస్తున్నారా? సీజన్ చివర్లో నాకు కనిపించింది ఆ చోద్యమే.

గార్డ్ బెంచ్ మీదికి వెళ్లినప్పుడు స్కోరు రాసుకోండి, తిరిగి వచ్చినప్పుడు మళ్లీ రాసుకోండి. అతను లేని ఆ కాసేపట్లో జట్టు ముందుకెళ్లిందో వెనకబడిందో తెలుస్తుంది. నేను బియ్యం బస్తా బిల్లు వెనక రాసేవాణ్ణి. ఒక్క మ్యాచ్ లెక్కతో ఏమీ తేలదు, పదైనా చూడాలి.

ఫిబ్రవరి దాటేదాకా తీర్పు చెప్పకండి. ఓక్లహోమా ఆడే లీగు బిగ్ 12లో అప్పట్లో ప్రతి జట్టుతోనూ రెండుసార్లు ఆడాలి, రెండోసారికి వాళ్లు వీడియోలన్నీ నమిలేసి వస్తారు. 14-2తో ఉన్న ఓక్లహోమా చివరికి 18-14 దగ్గర ఆగింది, దేశమంతటి కాలేజీ జట్లు తలపడే ఎన్‌సీఏఏ టోర్నమెంట్లో రోడ్ ఐలండ్ చేతిలో మొదటి రౌండ్లోనే పోయింది. అయినా 11 కన్నా 18 ఎక్కువే కదా, నేను ట్రే పక్షమే.

మీరు సాధన చేయాలంటే 2021 మార్చిలో యూకాన్ (కనెక్టికట్ యూనివర్సిటీ), అయోవా యూనివర్సిటీ మహిళల మ్యాచ్ పెట్టుకోండి. ఇటు పేజ్ బ్యూకర్స్, అటు కైట్లిన్ క్లార్క్, ఇద్దరూ ఫ్రెష్‌మన్ గార్డులే. క్లార్క్‌వి 21 పాయింట్లు, బ్యూకర్స్‌వి 18. గెలిచింది యూకాన్, 92-72. ఆ 20 పాయింట్ల తేడా ఎక్కడ పుట్టిందో బిల్లు వెనక రాయండి.