టెక్కెన్‌లో ఎలక్ట్రిక్ తర్వాత, ముందు బ్యాక్‌డాష్ పట్టండి

బెజవాడ గేమింగ్ కేఫ్‌లలో టెక్కెన్ అనే ఫైటింగ్ గేమ్ ఆడే కొత్త కుర్రాళ్లు ముందు అడిగేది కజుయా అనే క్యారెక్టర్ పంచ్, ఎలక్ట్రిక్, ఎలా కొట్టాలనే. చివర్లో స్టిక్ డౌన్-ఫార్వర్డ్ (కింద-ముందు మూల), పంచ్ బటన్ రెండూ ఒకే ఫ్రేమ్‌లో పడాలి, అంటే సెకనులో 60వ వంతు. పడితే అవతలివాడు గార్డ్ చేసినా తర్వాతి టర్న్ మనదే. బటన్ లేటయితే దాని మామూలు రూపం విండ్ గాడ్ ఫిస్ట్ వస్తుంది, అంత లాభం ఉండదు. చూడ్డానికి బాగుంటుంది, అందులో డౌట్ లేదు.

కానీ మ్యాచ్‌లు గెలిపించేది కొరియన్ బ్యాక్‌డాష్, అంటే ఆగకుండా వరసగా వెనక్కి దూకడం. వెనక్కి రెండుసార్లు నొక్కండి, డాష్ మొదలవగానే డౌన్-బ్యాక్‌కి (కింద-వెనక మూల) దించండి, అక్కణ్ణుంచి మళ్లీ వెనక్కి, ఒక్క క్షణం వదిలి ఇంకోసారి వెనక్కి. ఆ దించడమే డాష్ రికవరీని (తేరుకునే టైమ్‌ని) మధ్యలో కట్ చేస్తుంది కాబట్టి ఆగకుండా ఇంకో డాష్ పడుతుంది. ఎందుకిదంతా అంటే, కబడ్డీలో రైడర్‌ని ఊరించి లోపలికి లాగినట్టు, దూరం మీ చేతిలో ఉంటే వాడి దెబ్బ గాల్లో పోతుంది, అప్పుడు లాంచర్ (వాణ్ణి గాల్లోకి లేపే దెబ్బ) కొట్టండి. వెనకాల గోడ ఉంటే మాత్రం ఇది దండగ, పక్కకి తప్పుకోండి.

ప్రాక్టీస్ మోడ్‌లో ఎడమ, కుడి రెండు సైడ్‌లూ చేయండి, చాలామందికి ఒక సైడే వస్తుంది. వేగం తర్వాత చూసుకోవచ్చు, ముందు స్టిక్ ప్రతిసారీ డౌన్-బ్యాక్‌కి తగులుతోందో లేదో స్క్రీన్ మీద ఇన్‌పుట్ హిస్టరీలో చూడండి.

ఇంకా 10 ఫ్రేమ్‌ల జాబ్‌తో (చిన్న ఫాస్ట్ పంచ్‌తో) పనిష్ చేయడమే, అంటే వాడి దెబ్బ గార్డ్ చేసి వెంటనే తిరిగి కొట్టడమే రాకపోతే ఇవన్నీ పక్కన పెట్టి ముందు అది నేర్చుకోండి.